రెండో మెట్టు మీద ఇల్లు

మీ ఇంట్లో గానీ, ఊరి భజనమందిరంలో గానీ హార్మోనియం ఉంటే ఈ అధ్యాయాన్ని దాని ముందు కూర్చుని చదవండి. లేకపోతే ఫోన్‌లో పియానో యాప్ ఉన్నా సరిపోతుంది. ప్రస్తుతానికి నల్లమెట్ల జోలికి పోవద్దు. తెల్లమెట్లతోనే మన పని.

ముందు ఒకటో శ్రుతి మెట్టు పట్టుకోండి. రెండు నల్లమెట్లు జంటగా ఉన్న చోట వాటికి ఎడమవైపు ఆనుకుని ఉండే తెల్లమెట్టు అది. దాన్ని షడ్జమంగా తీసుకుని తెల్లమెట్ల మీదుగా పై షడ్జమం దాకా వెళ్ళండి. అవి శంకరాభరణం స్వరాలు. పాశ్చాత్యులు మేజర్ స్కేల్ అనేది దీన్నే. ఇప్పుడు ఒక్క తెల్లమెట్టు కుడికి జరగండి. హార్మోనిస్టులు దాన్ని రెండు శ్రుతి అంటారు, ఇంగ్లీషు వాళ్ళ లెక్కలో అది డి. పక్కన ఎవరైనా ఉంటే కింది స్థాయిలో ఆ మెట్టును నొక్కి పట్టుకోమనండి. ఆ నాదం మోగుతూ ఉండగా అక్కణ్ణించి బయల్దేరి, తెల్లమెట్లు మాత్రమే తాకుతూ పై డి దాకా వెళ్ళి తిరిగి రండి. తొందర లేకుండా నాలుగైదు సార్లు చేయండి.

కొత్త మెట్టు ఒక్కటీ తగల్లేదు. ఇందాక మోగిన ఏడే మళ్ళీ మోగాయి. అయినా మీరు విన్నది వేరే సంగీతం. మొదటిసారి వినిపించిన పట్టపగటి వెలుతురు ఇందులో లేదు, అలాగని ఇది దుఃఖమూ కాదు. దీపాలు పెట్టే వేళ వాకిట్లో కూర్చున్నట్టు ఉంటుంది నాకు. పాశ్చాత్య సంగీతజ్ఞులు ఈ వరసను డోరియన్ మోడ్ అంటారు. కర్ణాటక సంగీతం తెలిసినవారు వినగానే ఖరహరప్రియ స్వరాలని గుర్తుపడతారు. హిందుస్తానీ వారికి ఇది కాఫీ ఠాట్.

స్వరాలు మారకుండా సంగీతం ఎలా మారింది? ఈ ప్రశ్నకు జవాబు పట్టుకుంటే మోడ్ అనే మాట అర్థమైనట్టే.

వీధి ఒకటే, ఇల్లు వేరు

తెలుపూ నలుపూ కలుపుకుని పక్కపక్క మెట్ల మధ్య ఉన్న దూరాన్ని ఒక అడుగు అనుకుందాం. షడ్జమం నుంచి పై షడ్జమానికి పన్నెండు అడుగులు. ఒకటో మెట్టు నుంచి తెల్లమెట్ల మీదనే నడిస్తే అడుగులు ఇలా పడతాయి: 2, 2, 1, 2, 2, 2, 1. రెండో మెట్టు నుంచి నడిస్తే: 2, 1, 2, 2, 2, 1, 2. వీధిలో ఇళ్ళు కదల్లేదు. మీరు కాపురం మార్చారు. ఇందాక మూడో ఇల్లు మీకు నాలుగు అడుగుల దూరంలో ఉండేది. ఇప్పుడు మూడో ఇల్లు మూడు అడుగుల్లోనే ఉంది. శంకరాభరణానికి అంతరగాంధారం అయితే దీనికి సాధారణ గాంధారం. అక్కడ షడ్జమానికి ఒక్క అడుగు కింద కాకలి నిషాదం కాచుకుని ఉండేది, ఇక్కడ రెండడుగుల కింద కైశికి నిషాదం ఉంది.

చెవి స్వరాలను విడివిడిగా కొలవదు. ఇంటి నుంచి ఎంత దూరమో కొలుస్తుంది. అందుకే ఇల్లు ఏదో ముందు తేలాలి. మన కచేరీలో ఆ పని తంబురా చేస్తుంది. మీ ప్రయోగంలో పక్కవారు నొక్కి పట్టుకున్న మెట్టు చేసింది. అది ఆపేసి అవే తెల్లమెట్ల మీద ఇష్టం వచ్చినట్టు తిరిగితే, కాసేపటికి చెవి తనకు అలవాటైన ఒకటో మెట్టునే ఇల్లనుకుంటుంది, డోరియన్ జారిపోతుంది. మోడ్ నేర్చుకునేవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. డోరియన్ అంటే 'మేజర్ స్కేల్‌ను రెండో స్వరం నుంచి వాయించడం' అని బట్టీపట్టి, చేతులు రెండో స్వరం నుంచి మొదలుపెట్టినా మనసులో మొదటి స్వరాన్నే షడ్జమంగా ఉంచుకుంటారు. అలా వాయిస్తే వినిపించేది శంకరాభరణమే, రిషభం నుంచి ఎత్తుకున్న శంకరాభరణం.

మన శాస్త్రంలో ఈ కాపురం మార్చడానికి గ్రహభేదం అని పేరు. శంకరాభరణంలో రిషభాన్ని షడ్జమం చేస్తే ఖరహరప్రియ, గాంధారాన్ని చేస్తే హనుమతోడి, మధ్యమాన్ని చేస్తే కల్యాణి, పంచమాన్ని చేస్తే హరికాంభోజి, ధైవతాన్ని చేస్తే నటభైరవి వస్తాయి. నిషాదాన్ని చేస్తే పంచమం దొరకదు, అందుకని మేళకర్తల్లో, అంటే కర్ణాటక సంగీతపు మూలరాగాల్లో, దానికి చోటు లేదు. పాశ్చాత్యులు ఏడింటికీ పేర్లు పెట్టుకున్నారు: అయోనియన్, డోరియన్, ఫ్రిజియన్, లిడియన్, మిక్సోలిడియన్, ఏయోలియన్, లోక్రియన్.

అద్దంలో చూసినా అదే

డోరియన్ అడుగుల వరసను ఇంకోసారి చూడండి: 2, 1, 2, 2, 2, 1, 2. ఇప్పుడు కుడి నుంచి ఎడమకు చదవండి. మళ్ళీ అదే. వికటకవి అన్న మాటలాంటి వరస ఇది. షడ్జమం నుంచి పైకి ఎన్ని అడుగులు ఎలా వేస్తామో, పై షడ్జమం నుంచి కిందికి అన్ని అడుగులు అలాగే వేస్తాం. ఏడు మోడ్‌లలో ఈ గుణం ఉన్నది దీనికొక్కదానికే. శంకరాభరణాన్ని అద్దంలో చూస్తే తోడి కనిపిస్తుంది. హరికాంభోజిని చూస్తే నటభైరవి. కల్యాణిని చూస్తే పంచమం లేని ఆ ఏడోది. డోరియన్‌ను చూస్తే డోరియనే.

హార్మోనియం చూస్తే కళ్ళకూ కనిపిస్తుంది. డి మెట్టు సరిగ్గా రెండు నల్లమెట్ల నడుమ ఉంది. దానికి కుడివైపు తెలుపు నలుపులు ఏ వరసలో ఉన్నాయో ఎడమవైపూ అదే వరసలో ఉన్నాయి. ఆ మెట్టు మీద అద్దం నిలబెడితే సగం వాద్యం రెండో సగాన్ని పూర్తి చేస్తుంది. ఇలాంటి మెట్టు ఇంకొక్కటే ఉంది, మూడు నల్లమెట్ల గుంపులో మధ్యది. దాని సంగతి కాసేపట్లో.

ఈ సౌష్ఠవం అడుగుల లెక్కతో ఆగదు, నాదంలోనే ఉంది. షడ్జమాన్ని సెకనుకు 240 కంపనాల దగ్గర పెట్టుకుందాం. చిన్న అంకెల నిష్పత్తుల ప్రకారం స్వరాలు ఇలా వస్తాయి: రిషభం 9/8 రెట్లు, 270. గాంధారం 6/5 రెట్లు, 288. మధ్యమం 4/3 రెట్లు, 320. పంచమం 3/2 రెట్లు, 360. ధైవతం 5/3 రెట్లు, 400. నిషాదం 16/9 రెట్లు, అంటే 426 మీద మూడింట రెండు వంతులు. పై షడ్జమం 480. ఇప్పుడు రెండు చివరల నుంచి జతలు కట్టి గుణించండి. రిషభాన్ని నిషాదంతో, గాంధారాన్ని ధైవతంతో, మధ్యమాన్ని పంచమంతో. మూడు జతల లబ్ధమూ 1,15,200. కింది షడ్జమాన్ని పై షడ్జమంతో గుణించినా అంతే. నిష్పత్తుల్లో చూస్తే ప్రతి జత లబ్ధమూ సరిగ్గా 2. హార్మోనియం మెట్లను సమానమైన పన్నెండు అడుగులుగా శ్రుతి చేస్తారు కాబట్టి దాని గాంధారం 288కి కొంచెం కిందికి, ధైవతం 400కి కొంచెం పైకి ఉంటాయి. కానీ ఒకటి తగ్గిన నిష్పత్తిలోనే రెండోది పెరుగుతుంది గనక లబ్ధం మారదు. శంకరాభరణంతో ఇదే లెక్క వేసి చూడండి, జతలు కుదరవు.

ఈ సౌష్ఠవం ఎక్కణ్ణించి వచ్చింది? షడ్జమ పంచమాల బంధం నుంచి. షడ్జమం మోగుతుంటే చెవికి అన్నిటికన్నా దగ్గరగా తోచేది పంచమం. కంపనాలు 2కు 3. ఒక స్వరం, దాని పంచమం, ఆ పంచమానికి పంచమం, ఇలా గొలుసు కట్టుకుంటూ పోతే శంకరాభరణం ఏడు స్వరాలూ ఈ వరసలో వస్తాయి: మ, స, ప, రి, ధ, గ, ని. ఒక్కసారి వేళ్ళ మీద లెక్కపెట్టండి. నడుమ ఉన్నది ఎవరు? రి. శంకరాభరణం తన ఇంటిని గొలుసులో రెండో చోట కట్టుకుంది, ఎడమవైపు ఒక్క స్వరం, కుడివైపు అయిదు. కల్యాణి ఇల్లు ఎడమ కొసన. డోరియన్ ఇల్లు మాత్రం రిషభం మీద ఉంది కాబట్టి అటు మూడు, ఇటు మూడు. డోరియన్ గురించి ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోమంటాను. 'మైనర్ స్కేల్‌లో ఒక స్వరం మార్చితే డోరియన్' అని పుస్తకాలు చెప్పేది తప్పు కాదు, కానీ ఆ మాట దాన్ని ఇంకొకదానికి సవరణలా చూపిస్తుంది. నిజానికి అది ఏడుగురు అక్కచెల్లెళ్ళలో నడిమిది.

కర్ణాటక సంగీతం నేర్చినవారికి ఇదే విషయం ఇంకో దారిలో చెబుతాను. షడ్జమాన్ని కదపకుండా కల్యాణితో మొదలుపెట్టండి. మధ్యమాన్ని ఒక అడుగు దించితే శంకరాభరణం. నిషాదాన్ని దించితే హరికాంభోజి. గాంధారాన్ని దించితే ఖరహరప్రియ. ధైవతాన్ని దించితే నటభైరవి. రిషభాన్ని దించితే తోడి. ఆఖరికి పంచమాన్నే దించితే మేళకర్తల్లో చోటులేని ఆ ఏడోది. మేళకర్త సంఖ్యలు 65, 29, 28, 22, 20, 8 అని తగ్గుకుంటూ పోతాయి. నిండు వెలుతురు నుంచి చిక్కటి చీకటికి దిగే ఏడు మెట్లలో ఖరహరప్రియ నాలుగోది. దాని పైన మూడు, కింద మూడు.

ఇప్పుడు ఆ గొలుసును ఖరహరప్రియ ఇంటి నుంచి పిలుద్దాం. షడ్జమానికి కుడివైపు ప, రి, ధ. ఎడమవైపు మ, ని, గ. రెండు కొసల్లోనూ ఉన్న గాంధార ధైవతాలను తీసేయండి. మిగిలేవి స, రి, మ, ప, ని. మధ్యమావతి! కచేరీ చివర మంగళానికి మనవాళ్ళు పాడుకునే రాగం. దాని అడుగులు 2, 3, 2, 3, 2. అదీ అద్దంలో మారదు. ఇందాక వాయిదా వేసిన ఆ నల్లమెట్టు సంగతి ఇదే: మూడు నల్లమెట్లలో మధ్యదాన్ని షడ్జమం చేసుకుని నల్లమెట్లు మాత్రమే వాయించండి. మధ్యమావతి వస్తుంది. హార్మోనియానికి ఉన్న రెండు అద్దాల్లో తెల్లమెట్ల వైపు ఖరహరప్రియ, నల్లమెట్ల వైపు మధ్యమావతి కాపురముంటున్నాయి. దీన్ని మొదటిసారి వేళ్ళతో తడిమి తెలుసుకున్న రోజు నాకు చాలాసేపు హార్మోనియం మూయబుద్ధి కాలేదు.

పేరు చేసిన ప్రయాణం

డోరియన్లు ప్రాచీన గ్రీసులో ఒక తెగ. వారి పేరుతో ఉన్న సంగీతరీతిని ప్లేటో తన 'రిపబ్లిక్'లో మెచ్చుకున్నాడు. ఆదర్శ రాజ్యంలో మిగిలినవాటిని వద్దని, డోరియన్ ఫ్రిజియన్ రీతులను ఉండనిచ్చాడు. అరిస్టాటిల్ 'పాలిటిక్స్'లో డోరియన్‌ను నిలకడగలదని, ధైర్యగుణం కలదని, అతి లేకుండా మధ్యస్థంగా ఉండేదని అన్నాడు. ఈ మాటలు మన డోరియన్‌కు ఎంత చక్కగా అతుకుతాయో చూసి సంబరపడకండి. గ్రీకుల డోరియన్ వేరు. తెల్లమెట్ల భాషలో చెబితే అది మూడో మెట్టు మీద, అంటే ఈ మీద, ఇల్లు కట్టుకున్నది. మన తోడి స్థానాలకు దగ్గరగా ఉండేది.

మరి పేరు ఇక్కడికెలా వచ్చింది? గ్రీకు సంగీతశాస్త్రాన్ని లాటిన్ ప్రపంచానికి అందించినవాడు క్రీస్తుశకం ఆరో శతాబ్ది తొలినాళ్ళ బోయిథియస్. మూడొందల ఏళ్ళ తర్వాత, తొమ్మిదో శతాబ్దంలో, చర్చి గానాన్ని వర్గీకరించబోయిన సన్యాసులు ఆయన రాతలోని పేర్ల పట్టికను తమ వరసలకు తలకిందులుగా అతికించారు. డి మీద ముగిసే వరసకు డోరియన్ అన్న పేరు అప్పుడు అంటుకుంది, ఇక వదల్లేదు. వెయ్యేళ్ళ పైబడిన పొరపాటు ఇప్పుడు అదే సరైన పేరు.

ఆ చర్చి గానానికి ఎనిమిది మోడ్‌లు, అందులో మొదటి సంఖ్య డోరియన్‌దే. తంబురా లేదు, పక్కవాద్యం లేదు, ఉన్నది మగగొంతుకల బృందం, రాతిగోడల ప్రతిధ్వని. ఇల్లేదో తెలిసేదెలా? రెండు గుర్తులతో. పాట ముగిసే స్వరం ఒకటి. పాఠాన్ని నిలిపి చదువుతున్నట్టు పాడే స్వరం ఇంకొకటి. డోరియన్‌లో ముగింపు డి, నిలుపుదల దాని పంచమమైన ఏ. మన ప్రాచీన జాతుల లక్షణాల్లో చెప్పే న్యాసం, అంశం ఇక్కడ గుర్తుకొస్తాయి. ఒకరినుంచి ఒకరు నేర్చుకున్నారని నేననడం లేదు. తీగో మీటో లేని చోట గొంతు ఇల్లు వెతుక్కునే పద్ధతి అదే అయుంటుంది. చావు రోజున పాడే 'దియెస్ ఇరే', ఈస్టరు నాటి 'విక్టిమే పస్కాలి' ఈ మోడ్‌లోవే.

ధైవతం తగాదా

గొలుసు రెండు కొసల్లో ఉన్న గాంధార ధైవతాల మధ్య దూరం ఆరు అడుగులు, స్థాయిలో సరిగ్గా సగం. ఏడు స్వరాల్లో మరే రెండింటికీ ఇంత పొసగని దూరం లేదు. డోరియన్ పాడే గొంతు ఈ రెంటినీ వరసగా తాకాల్సి వచ్చినప్పుడల్లా ధైవతాన్ని ఒక అడుగు కిందికి దించబోతుంది. మధ్యయుగపు గాయకులు అలాగే దించారు. అందుకని డోరియన్ ఆరో స్వరమైన బి రెండు రకాలుగా ఉండేది, దించినది మెత్తని బి, దించనిది గట్టి బి. మెత్తనిదాన్ని గుండ్రంగా, గట్టిదాన్ని పలకలుగా రాసేవారు. ఇవాళ ప్రపంచమంతా వాడే ఫ్లాట్, నేచురల్ గుర్తులు ఆ రెండు అక్షరాల రూపాలే. ఒక్క స్వరం ఎక్కడ నిలబడాలన్న తర్జనభర్జన సంగీతలిపిలోకి రెండు గుర్తులు తెచ్చింది.

ధైవతాన్ని ఎప్పుడూ దించేస్తే అది డోరియన్ కాదు, నటభైరవి స్థానాలు. ఆ వరసకు ఏయోలియన్ అని వేరే పేరు, మేజర్ వరసకు అయోనియన్ అని ఇంకో పేరు పెట్టి, ఎనిమిదిని పన్నెండు చేసినవాడు హైన్రిష్ గ్లారెయాన్. ఆయన గ్రంథం 'దోదెకాకోర్దోన్' 1547లో బాసెల్‌లో అచ్చయింది. అటుపైన రెండొందల ఏళ్ళలో ఈ కొత్తగా వచ్చిన రెండే మేజర్, మైనర్‌లుగా ఐరోపా శాస్త్రీయ సంగీతాన్ని ఏలాయి. కారణం షడ్జమానికి ఒక్క అడుగు కిందుండే నిషాదం. స్వరాలను గుత్తులుగా మోగించే హార్మొనీలో ఆ నిషాదం వినిపిస్తే చెవి షడ్జమం కోసం ఆత్రపడుతుంది. మైనర్‌లో అది సహజంగా లేకపోతే పైకి ఎక్కించి మరీ తెచ్చుకున్నారు. డోరియన్‌కు రెండడుగుల దూరపు నిషాదం. దానికి ఇంటికి చేరాలన్న తొందర లేదు. కథను ముడివేసి విప్పాలనుకునే సంగీతానికి అది పనికిరాలేదు.

బాఖ్ ఆర్గన్ రచనల్లో 538 సంఖ్యగలదాన్ని డోరియన్ టొకాటా అంటారు. డి మైనర్‌కు వరస మొదట్లో ఒక ఫ్లాట్ గుర్తు పెట్టాలి. ఇందులో పెట్టలేదు, పాత డోరియన్ రాత అలవాటు ప్రకారం వదిలేశారు. లోపల మాత్రం కావలసిన చోటల్లా బి పక్కన ఫ్లాట్ రాసే ఉంది. రచన డి మైనరే. మోడ్ పోయాక దాని రాత అలవాటు ఇంకొంతకాలం మిగిలింది.

పల్లెపాటల్లో మాత్రం మోడ్ పోలేదు. హార్మొనీ అవసరం లేని గొంతుకలు దాన్ని కాపాడాయి. ఇంగ్లీషు జానపదం 'స్కార్బరో ఫెయిర్' 1966లో సైమన్, గార్ఫంకెల్ పాడాక ప్రపంచానికి తెలిసింది. వారు పాడిన వరసలో ఆరో స్వరం చరణానికి ఒక్కసారే, రెండో పాదంలో తగులుతుంది. ఆ ఒక్క స్వరమే పాటను డోరియన్ చేసింది. దాన్ని ఒక అడుగు దించి పాడి చూడండి, పాట మబ్బు పట్టినట్టవుతుంది.

1959 మార్చి 2, న్యూయార్క్

జాజ్ వాద్యకారులు ఆనాటికి త్వరత్వరగా మారే స్వరగుత్తుల మధ్య పరుగెత్తడంలో ఆరితేరి ఉన్నారు. ఒక్కో గుత్తి రెండు తాళపు దెబ్బలే ఉండి మారిపోతుంటే, మనోధర్మంగా వాయించేవాడు ప్రతిదానికీ తగిన స్వరాలు వేళ్ళతో వెతుక్కుంటూ ఉండాలి. మైల్స్ డేవిస్ ఆ పరుగు ఆపాడు. 'కైండ్ ఆఫ్ బ్లూ' ఆల్బమ్‌లో మొదటి రచన 'సో వాట్'. 32 ఆవర్తాల నిర్మాణం: 16 ఆవర్తాలు డి డోరియన్, 8 ఆవర్తాలు ఒక్క అడుగు పైన ఈ ఫ్లాట్ డోరియన్, మళ్ళీ 8 ఆవర్తాలు డి డోరియన్. అంతే. ఇల్లు మారేది రెండేసార్లు. మిగతా సమయమంతా ఆ ఇంట్లో ఏం చేస్తావో నీ ఇష్టం. మైల్స్ ట్రంపెట్, జాన్ కోల్ట్రేన్ టెనర్ శాక్సొఫోన్, కానన్‌బాల్ ఆడర్లీ ఆల్టో శాక్సొఫోన్ ఒకరి తర్వాత ఒకరు ఆ ఏడు స్వరాల చుట్టూనే తిరుగుతూ ముగ్గురు వేర్వేరు మనుషులుగా వినిపిస్తారు. ఆలాపన వినే అలవాటున్న తెలుగు శ్రోతకు ఈ రికార్డు జాజ్‌లోకి మంచి వాకిలి.

అందులో పాల్ ఛాంబర్స్ బేస్ మీద ప్రశ్న వేసినట్టు ఒక వాక్యం వాయిస్తే, బిల్ ఎవాన్స్ పియానో రెండే గుత్తులతో బదులిస్తుంది. డి ని షడ్జమంగా పెట్టి మన స్వరాల్లో చెబితే, కింది నుంచి పైకి మొదటి గుత్తి రి, ప, స, మ, ధ. రెండోది దాన్నే రెండడుగులు కిందికి దింపినది: స, మ, ని, గ, ప. మొదటి గుత్తిలో అన్నిటికన్నా పైన, చెవికి ముందుగా తగిలేలా ఉన్నది ధైవతం. సన్యాసులు మెత్తబరిచిన ఆ స్వరం ఇక్కడ నెత్తిన కూర్చుంది.

ఖరహరప్రియ డోరియనేనా?

స్వరస్థానాలు అవే. ఇక్కడ ఆగిపోతే నష్టం లేదుగానీ నిజంలో సగమే చెప్పినట్టు.

త్యాగరాజు 'చక్కని రాజమార్గము'ను హార్మోనియం తెల్లమెట్ల మీద ఉన్నదున్నట్టు నొక్కితే కృతి గుర్తుకొస్తుంది, రాగం రాదు. ఖరహరప్రియలో గాంధారం ఒక మెట్టు మీద నిలబడదు, రిషభ మధ్యమాల నడుమ ఊగుతుంది. ఆ ఊగడంలోనే రాగం ప్రాణం ఉంది. మోడ్ అంటే ఏ స్వరాలు, ఇల్లేది అన్న రెండు సంగతులు. రాగానికి ఆ రెంటితో పాటు నడక కావాలి, గమకం కావాలి, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఆగకూడదో తెలియాలి. శ్రీరాగం, మధ్యమావతి, ఆభోగి, రీతిగౌళ, ఇవన్నీ ఒకే మేళం పిల్లలు. ఒకదాన్ని విని ఇంకోటనుకునే రసికుడు లేడు. పాశ్చాత్య లెక్కలో వీటిలో ఏడు స్వరాలూ ఉన్నవాటికి ఒకే పేరు పెట్టాల్సి వస్తుంది.

ఈ మేళం మనకు పాతదే. భరతుడి నాట్యశాస్త్రంలో షడ్జగ్రామానికి చెప్పిన శ్రుతుల లెక్కలో షడ్జమం నుంచి రిషభానికి 3, అక్కణ్ణించి గాంధారానికి 2, తర్వాత వరసగా 4, 4, 3, 2, 4. రెండు శ్రుతుల దూరాన్ని ఒక అడుగుగా, మూడు నాలుగు శ్రుతుల దూరాలను రెండడుగులుగా తీసుకుంటే వచ్చేది 2, 1, 2, 2, 2, 1, 2. ఖరహరప్రియ పేరు తర్వాతిది. అక్షరాలకు అంకెలు ఇచ్చే కటపయాది లెక్కలో ఖ అంటే 2, ర అంటే 2. అంకెలు తిప్పి చదివితే మేళసంఖ్య. 22ను తిప్పినా 22 గనక అద్దంలో మారని రాగానికి అద్దంలో మారని సంఖ్యే దొరికింది. ఇది కాకతాళీయం, అయినా నాకు ఇష్టం. సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో ప్రకటించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో ఇరవై రెండో మేళానికి పేరు శ్రీరాగం. ఖరహరప్రియను పెద్దరాగంగా నిలబెట్టినవి త్యాగరాజు తెలుగు కృతులు.

మన దగ్గరా ధైవతం తగాదా ఒకటి ఉంది. ఆభేరి రాగం దీక్షితుల సంప్రదాయంలో ఇరవయ్యో మేళానిది, శుద్ధ ధైవతంతో పాడేది. ఇవాళ కచేరీల్లో 'నగుమోము' కృతిని దాదాపు అందరూ చతుశ్రుతి ధైవతంతో ఆభేరిగా పాడుతున్నారు, అలా పాడితే అది ఇరవై రెండో మేళపు బిడ్డ. అటు ఏయోలియన్, ఇటు డోరియన్. చర్చి గాయకులు ధైవతాన్ని దించారు, మనవాళ్ళు పెంచారు. రెండు చోట్లా అదే స్వరం, అదే ఒక్క అడుగు.

హార్మోనియం ముందుకు మళ్ళీ రండి. కింది స్థాయిలో రెండు శ్రుతి మోగుతుండాలి. దాన్ని ఒకటిగా లెక్కపెడితే పైకి ఆరో తెల్లమెట్టు, అంటే బి, నెమ్మదిగా నొక్కి కాసేపు ఉంచండి. వదిలేసి దాని ఎడమపక్క నల్లమెట్టు నొక్కండి. మళ్ళీ తెల్లమెట్టు. కళ్ళు మూసుకుని ఇలా పదిసార్లు చేయండి, పిల్లలుంటే వాళ్ళ చేతా చేయించండి. ఆ తర్వాత 'నగుమోము' పెట్టుకుని ధైవతం ఎక్కడ తగులుతుందో కాచుకోండి.